రేడియేటర్‌లో వేపాకు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికంటే ఎక్కువ నీళ్ళు తాగింది మా అంబాసిడర్ కారు. పోసినన్ని తాగేది, తుర్కయాంజాల్ చేరేసరికి అన్నీ ఆవిరి చేసి నా మొహాన ఊదేది. దాన్ని నేను తిట్టని తిట్టు లేదు. కానీ ఇంకెవరైనా దాన్ని ఒక్క మాట అంటే మాత్రం వాళ్ళ మీదికి పోయేదాన్ని.

ఆ కారు మా మామ చెన్నయ్య కొన్నది. మాది ఇబ్రహీంపట్నం చెరువు మీద బతికిన ఇల్లు, చేపలు పట్టేవాళ్ళం. నా మొగుడు ఎల్లేష్‌కు మాత్రం వల కంటే స్టీరింగే ఇష్టం. మామ పోయాక ఆ కారునే పెళ్ళిళ్ళకూ దవాఖానలకూ కిరాయికి తిప్పేవాడు. చలికాలంలో చెరువు కట్ట దగ్గర ఒక ట్రాక్టర్ ఎల్లేష్‌ను గుద్దింది. ఎడమ తొడ ఎముక విరిగింది. లోపల రాడ్డు వేశారు, ఎముక అతుక్కుంది, మోకాలు మాత్రం కట్టెలా బిగుసుకుపోయింది. ఎడమ కాలంటే క్లచ్ తొక్కే కాలు. ఆపరేషన్ చేసిన డాక్టర్ ఒకటే మాట చెప్పాడు. ఎండాకాలం అయిపోయేలోపు ఆ మోకాలు కుర్చీలో కూర్చున్నంత వంగాలి, లేకపోతే మళ్ళీ కోయాలి, కోసినా వంగుతుందని చెప్పలేను అన్నాడు.

మోకాలు వంచే ఫిజియోథెరపీ సెంటర్ మీర్‌పేట్‌లో ఉంది. రోజు విడిచి రోజు పోవాలి. బస్సు మెట్లు ఎక్కలేడు. ఆటోలో చాపిన కాలు పట్టదు. ఒకసారి కిరాయి కారు పిలిస్తే, దాని వెనక సీట్లో కాలు తలుపుకు తగిలి వీధంతా వినబడేలా అరిచాడు. అంబాసిడర్ వెనక సీటు మంచమంత ఉంటుంది. వీపుకు దిండు పెట్టుకుని, కాలు బార్లా చాపుకుని దర్జాగా పడుకునేవాడు. నేను తోలేదాన్ని. పెళ్ళయిన కొత్తలో, చెరువు ఎండిన ఏడాది, ఆ బీటలు వారిన నేల మీద నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. ఏదో సరదాకు నేర్పాడు, పీకల మీదికి వచ్చినప్పుడు పనికొచ్చింది.

ఉగాది అయిన వారానికే ఎండ ముదిరింది. ఆ రోజు సాగర్ రోడ్డు మీద లారీల వెనక నిలబడి నిలబడి పోతున్నాం.

"కరుణా, వేడి ముల్లు ఏడున్నది?" అని వెనక నుంచి అడిగాడు ఎల్లేష్.

"ఉండాల్సిన కాడ్నే ఉన్నది. నువ్వు పండుకో."

"అబద్ధమాడకు. నాకు వాసనొస్తున్నది."

ముల్లు ఎర్ర గీత దాటి ఎప్పుడో పోయింది. బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి లేచి ముందు అద్దం కనబడకుండా పోయింది. పక్కకు తీసి ఆపాను. వేడి మీద మూత తీస్తే మొహం ఉడికిపోతుందని నాకు తెలుసు, అందుకే చీర కొంగు తల మీద కప్పుకుని ఆ ఎండలో నిలబడ్డాను. కారు లోపల ఎల్లేష్ చెమటలు కక్కుతూ, నా మీద కోపం చూపించలేక కాలును తిట్టుకుంటున్నాడు. ఇంజన్ చల్లారి, నీళ్ళు పోసి బయల్దేరేసరికి సెంటర్ టైం అయిపోయింది. అంతకు ముందు దఫా కూడా అంతే అయింది.

ఆ తర్వాతి దఫా సెంటర్‌లో సుసన్న మొహం మాడ్చుకుంది. ఎల్లేష్ కాలు వంచే అమ్మాయి ఆమె. సన్నగా ఉంటుంది గానీ ఆమె చేయి పడితే పహిల్వాన్లు కూడా అమ్మా అంటారు.

"గిట్ల మధ్యల మానేస్తే ఎట్లక్కా? నేను వంచింది మల్ల బిగుసుకపోతది. డాక్టర్ సార్ మే నెల ఆఖర్ల చూస్తడు. గప్పటిదాక ఒక్కటి గూడ తప్పొద్దు."

"తప్పదు," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి మా మరిది భిక్షం కాచుకుని ఉన్నాడు. మహేశ్వరం దిక్కు ప్లాట్లు చూపించే పని అతనిది. ఏ వస్తువు చూసినా దాన్ని అమ్మితే ఎట్లా అన్నదే ముందు ఆలోచిస్తాడు. చెడ్డవాడు కాదు, అన్న అంటే ప్రాణం. కానీ నాకు అతని మాట ఎప్పుడూ గిట్టదు.

"వదినె, గీ డబ్బాను తుక్కుకిచ్చి పడేద్దాం. అన్నను ఏదన్న పెద్ద బండిల తీస్కపోదాం."

"ఏ పెద్ద బండి? రోజు విడిచి రోజు ఎవడొస్తడు? ఉన్న బండినే బాగు చేస్త."

"గిది మల్ల నడి తొవ్వల ఆగితే?"

"ఆగదు."

"ఆగితే?"

"ఆగితే నేనే తోల్కపోయి తుక్కు దుకాణంల పెట్టొస్త. చాలునా?"

మాట జారిపోయింది. నా నోరు అంతే, ముందు అది పోతుంది, వెనక నేను పోతాను. మంచం మీద ఎల్లేష్ కళ్ళు మూసుకున్నాడు. మా అత్త రుక్కమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఆమె తల ఎత్తలేదు.

మరునాడు పొద్దున్నే రేడియేటర్ కింది కుళాయి తిప్పాను. ఇటుక పొడి కలిపినట్టు ఎర్రటి నీళ్ళు, మధ్యలో సున్నపు పెచ్చులు. మా బోరు నీళ్ళు అలాంటివి, చాయ్ గిన్నెకు కూడా తెల్లగా పొర కడుతుంది. ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే మా అత్త ఆ నీళ్ళే చెంబుతో కారులో పోసేది. మామ ఉన్నప్పుడు ఆయన బానెట్ ఎత్తి పట్టుకుంటే ఈమె పోసేదట. ఆయన పోయాక కూడా ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. బానెట్ గొళ్ళెం ఊడిపోయి తాడుతో కట్టడం మొదలుపెట్టాక, ఆ ముడి విప్పి కట్టడం కూడా ఆమే నేర్చుకుంది.

నేను సాగర్ రోడ్డు మీద తిరుమల్ స్పేర్ పార్టుల దుకాణానికి పోయాను. ముందు రోజే ఫోన్‌లో, నీళ్ళకు బదులు పోసే కూలెంట్ గురించి దొరికిన వీడియోలన్నీ చూశాను. ఒకడు పచ్చది పోయమంటాడు, ఒకడు గులాబీ రంగుది పోయమంటాడు, కింద జనం కొట్టుకుంటారు. చూసి చూసి నాకు అర్థమైంది ఒక్కటే. రంగు చూసి కొనకూడదు, లోపల ఏ మందు ఉందో, అది ఏ ఇంజన్ కోసం చేశారో చదివి కొనాలి.

తిరుమల్ గులాబీ రంగు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "గిది తీస్కో అక్కా. కొత్త మాల్. ఐదేండ్లు మూత తీసి చూసే పనే లేదు. అందరు గిదే తీస్కపోతున్నరు."

"అందరి బండ్లు కొత్తయి. నా బండి ఇంజన్ ఇనుముది, రేడియేటర్ ఇత్తడిది. అతుకులన్ని సీసంతోని పోసినయ్. నీ గులాబీది అసొంటి అతుకులకు పడ్తదా?"

"పడ్తదక్కా. పడకేమైతది?"

"ఏడ రాసిందో చూపెట్టు."

"వెనక రాసింది ఎవలు చదువుతరక్కా?"

"నేను చదువుత."

చదివాను. అద్దాలు లేక డబ్బాను చేయి చాచి దూరంగా పట్టుకుని, నా వెనక ముగ్గురు నలుగురు నిలబడి దగ్గుతున్నా అక్షరం విడవకుండా చదివాను. గులాబీది అల్యూమినియం ఇంజన్లకని ఉంది. అటక మీద దుమ్ము పట్టిన పచ్చ డబ్బా దింపించాను. దాని మీద ఇనుము, రాగి, ఇత్తడి, సీసం అతుకులు అని అన్నీ విడివిడిగా ఉన్నాయి. సగం మందు, సగం బ్యాటరీ నీళ్ళు, అంటే సున్నం లేని శుద్ధమైన నీళ్ళు, కలపాలని, వేరే రకంతో కలపకూడదని ఉంది. రెండు రకాలు కలిస్తే లోపల గంజిలా చిక్కబడుతుందని వీడియోల్లో కొట్టుకున్నవాళ్ళు కూడా ఒప్పుకున్నారు.

"గది పాత రకమక్కా. రెండేండ్లకే మార్చాలె," అన్నాడు తిరుమల్.

"రెండేండ్ల ముచ్చట ఎవరడిగిండ్రు? నాకు గీ ఎండకాలం కావాలె."

పచ్చదే తెచ్చాను. అంతకు ముందు రేడియేటర్ కడిగే మందు పోసి, పెచ్చులు రావడం ఆగేదాకా కడిగాను. చివరికి బ్యాటరీ నీళ్ళతో పచ్చ మందు కలిపి అంచుదాకా నింపాను. మా అత్త నీళ్ళ చెంబు పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది.

"ఇగ బండికి నీళ్ళు వద్దత్తా," అన్నాను. "గిది మందు. మనుషులకైతె విషం. కోళ్ళు ముట్టకుండ చూడు. మూత ఎవ్వరు తియ్యొద్దు."

"విషం తాగి బండెట్ల నడుస్తదే?"

"నడుస్తది. నువ్వు మూత ముట్టకు, గంతే."

ఆమె చెంబులో నీళ్ళు జామచెట్టు మొదట్లో పోసి లోపలికి పోయింది. నేను ఇంజన్ స్టార్ట్ చేసి ముల్లు చూసుకుంటున్నాను.

కొన్నాళ్ళు కారు బంగారంలా నడిచింది. లారీల వెనక నిలబడ్డా, మిట్టమధ్యాహ్నం తిరిగి వస్తున్నా, ముల్లు సగం దాటేది కాదు. సెంటర్‌లో సుసన్న ఎల్లేష్ మడమను కొంచెం కొంచెంగా వెనక్కు తోస్తుంటే ఆయన ఆమె ముత్తాత దాకా తిట్టేవాడు. ఆమె "తిట్టన్నా, తిట్టుకుంట వంచు" అనేది. ఏప్రిల్ దాటేసరికి కాలు సగం మడత పడింది. ఇంట్లో భిక్షం కారు ముచ్చట ఎత్తడం మానేశాడు. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది, ఎందుకు దాచాలి.

అప్పుడు మొదలైంది ఆ తీపి వాసన. కూలెంట్ కారితే తియ్యగా వాసన వస్తుందని నేను చదివాను. టార్చి పట్టుకుని పైపులన్నీ తడిమాను, క్లిప్పులు బిగించాను. ఎక్కడా తడి లేదు. మూత తీసి చూస్తే నిండుగానే ఉంది. కారితే తగ్గాలి కదా, తగ్గడం లేదు. ముల్లు మాత్రం రోజురోజుకూ ఇంతింత పైకి పాకుతోంది. నాకు మతి పోయింది. తిన్నగా తిరుమల్ దుకాణానికి పోయి జనం ముందే గొంతెత్తాను.

"నకిలీ మాల్ అంటగట్టినవ్ నాకు! పాత బండి, ఆడమనిషి, ఏం తెలుస్తది అనుకున్నవా?"

తిరుమల్ అదే రకం కొత్త డబ్బా సీలు తీసి నా ముక్కు ముందు పెట్టాడు. "వాసన చూడక్కా. నీ బండిల గిట్లనే వస్తున్నదా?"

అలా రాలేదు. నా కారులో వచ్చేది మాడిన వాసన, పొయ్యి మీద ఏదో మరిచిపోయినట్టు. అప్పుడైనా నాకు తట్టాల్సింది. కోపం వస్తే నాకు ముక్కు కూడా పనిచేయదు. ఏదో గొణిగి వచ్చేశాను.

మే నెలలో ఒక గురువారం, మంగళ్‌పల్లి దాటకముందే కారు మళ్ళీ ఉడికింది. ఈసారి తెల్ల ఆవిరి కాదు, మూత చుట్టూ గోధుమ రంగు నురగ. ఆ రోజు సెంటర్‌కు పోలేదు, చల్లారాక ఇంటికే తిప్పాను. డాక్టర్ చూసే రోజు ఇంకా వారమే ఉంది. సుసన్నకు ఫోన్ చేస్తే "శనివారం తప్పొద్దక్కా, నీకు దండం పెడ్త" అంది. వెనక సీట్లో ఎల్లేష్ మోకాలి మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాడు.

"మల్ల కోస్తరు గావచ్చు, కరుణా," అన్నాడు మెల్లగా.

"కొయ్యనియ్య," అన్నాను. నాకు భయం వేసింది, నిజం చెప్పాలంటే చాలా భయం వేసింది.

సాయంత్రానికి కబురు భిక్షం దాకా పోయింది. "రేపు తుక్కాయన్ను తోల్కొస్త వదినె. మాట నీదే," అన్నాడు ఫోన్‌లో. అతను పెట్టేశాక ఇంజన్ చల్లారిందని మూత తీశాను. మూత లోపలి రబ్బరుకు అంటుకుని ఒక వేపాకు ఉంది. ఉడికి నల్లబడ్డ చిన్న ఆకు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాను. మా వాకిట్లో ఉన్నది జామచెట్టు. వేపచెట్టు గల్లీ చివర ఉంది. గట్టిగా బిగించిన మూత కిందికి ఆకు గాలికి ఎగిరి రాదు. మరునాడు శుక్రవారం, అమ్మవారి రోజు.

తెల్లవారకముందే లేచి పోయి కారులో నా సీట్లో కూర్చున్నాను. కాసేపటికి ఇంటి వెనక తలుపు గడియ తీసిన చప్పుడైంది. గాజుల చప్పుడు లేదు, పట్టీలు లేని మెత్తటి అడుగులు. బానెట్ తాడు ముడి విప్పుతున్నారు. బానెట్ నా కళ్ళ ముందే పైకి లేచి ఆకాశాన్ని మూసేసింది. మూత తిప్పిన చప్పుడు వచ్చింది, తర్వాత సన్నగా నీళ్ళు పోస్తున్న చప్పుడు, దానితోపాటు మా అత్త గొంతు.

"సల్లగ సూడు తల్లీ, కట్ట మైసమ్మా. బండి కడుపు సల్లగుండాలె. నా కొడుకు మోకాలు వంగాలె. నా కోడలు ఒక్కతే తోలుకపోతున్నది, దాన్ని నడి తొవ్వల నిలవెట్టకు. దాని నోరు మంచిది కాదు గని మనసు మంచిది."

నా చేయి హారన్ మీద ఉంది. రాత్రంతా పేర్చుకున్న తిట్లన్నీ నాలుక మీద ఉన్నాయి. చేయి తీసి తలుపు తెరుచుకుని దిగాను.

"ఓయమ్మో!" చెంబు ఆమె చేతిలోంచి జారబోయింది. "దయ్యం లెక్క గీడ కూసున్నవేందే?"

"చెంబుల ఏమున్నదత్తా?"

"సాక."

అమ్మవారిని చల్లబరచడానికి పోసే నీళ్ళు. బోనాలప్పుడు అందరూ పోసేవే.

"బెల్లం ఏసినవా?"

"బెల్లం ఎయ్యకుంటె సాకెట్లయితది? పసుపు, వేపాకు, బెల్లం."

"ఎప్పటికెల్లి పోస్తున్నవ్?"

"నువ్వు నీళ్ళు వద్దన్నప్పటికెల్లి. మంగళారం, శుక్రారం."

అన్నీ ఒక్కసారి కలిశాయి. తీపి వాసన, మాడిన వాసన, ఎప్పుడు చూసినా నిండుగా ఉండటం. వేడికి మందు బయటికి పోయినంత జాగాలో ఆమె చెంబు పోస్తూనే ఉంది.

"టైరు మీద పోస్తరు, గడప ముందట పోస్తరు. బండి లోపల పోస్తరా ఎవరన్న?"

"ఎవలెట్ల పోస్తే మనకేందే? వల ఎయ్యంగ మనం సాక ఏడ పోస్తం? కట్ట మీద నిలవడి నీళ్ళల్లనే పోస్తం. నీళ్ళు ఏడుంటె తల్లి గాడుంటది. బండిల నీళ్ళు ఏడున్నయ్? గండ్లనే." రేడియేటర్ వైపు చూపించింది. "కిందటి బోనాలకు నాకు జరమొచ్చి బండికి సాక పొయ్యలే. చలికాలంల వాని కాలిరిగింది. వాడు పండుకున్నకాడికెల్లి నువ్వే తోలుతున్నవ్, నువ్వే దవాఖానకు తీస్కపోతున్నవ్. నాకున్నది గా చెంబెడు నీళ్ళ పని. గది గూడ వద్దన్నవ్. నేను ఏం చెయ్యాలె వానికి? డాక్టర్నా నేను, డ్రైవర్నా?"

రేడియేటర్ నోట్లో వేలు పెట్టి తీస్తే జిగటగా సాగింది.

"అత్తా, గా బెల్లం లోపల ఉడికి పాకమైంది. సన్న గొట్టాలన్ని పూడుకపోయినయ్. గందుకే బండి కాగుతున్నది," అన్నాను.

ఆమె నోటి మీద చేయి పెట్టుకుంది. "అంటె నిన్న వాడు పోలేంది నాతోనేనా?"

అవును అనవచ్చు. అది నిజమే. "గది తర్వాత చూద్దాం. రేపు పొద్దున్నే సెంటర్‌కు పోవాలె. గిప్పుడు పాకం ఎట్ల పోతదో గది చెప్పు," అన్నాను.

ఆమె చెంగుతో కళ్ళు తుడుచుకుంది. రేడియేటర్ నోట్లోకి వంగి వాసన చూసింది. "పాకం గిన్నెకు సల్ల నీళ్ళు పోస్తె ఇంక గట్టిగ పట్టుకుంటది. ఉడుకు నీళ్ళు పొయ్యాలె, నాననియ్యాలె, మల్ల పొయ్యాలె," అని పోయి పొయ్యి రాజేసింది.

ఆమె స్నానాల కాగులో నీళ్ళు కాచి తెస్తే నేను పోశాను. కాసేపు నానబెట్టి కింద కుళాయి వదిలితే చింతపండు చారు రంగులో జిగటగా కారింది. మళ్ళీ కాచింది, మళ్ళీ పోశాను. వాకిలంతా అరిసెలు వండుతున్న ఇంటి వాసన. కోళ్ళు రాకుండా గంప కింద మూసిపెట్టాం. ఎల్లేష్ గడపలో కుర్చీ వేసుకుని, కాలు చాపుకుని, "ఇంక ఎర్రగనే ఉన్నది, ఇంకోసారి" అని మా ఇద్దరికీ పని చెబుతూ కూర్చున్నాడు.

పొద్దెక్కాక భిక్షం వచ్చాడు. అతని బైకు వెనక నుంచి తుక్కాయన దిగాడు. కారు చుట్టూ తిరిగి డోరు మీద వేళ్ళతో కొట్టి చూస్తున్నాడు.

"మాట నువ్వే అన్నవ్ వదినె," అన్నాడు భిక్షం, నా కళ్ళలోకి చూడకుండా.

అన్నాను. కాదనడానికి లేదు. నేను కుళాయి దగ్గర చేతులు తుడుచుకుంటూ లేచేలోపు మా అత్త కాగే నీళ్ళ బకెట్‌తో వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది.

"ఏందిరా మాట? బండి ఉడికితె గదా మాట. బండి తనంతట ఉడకలే. నేను గండ్ల బెల్లం నీళ్ళు పోసిన. రెండు నెలల సంది పోస్తున్న. తుక్కుకు ఏస్తె ముందుగాల నన్నెయ్యి. ఏమయ్యా, ముసలిదాన్ని తూకమేసుకుంటవా?"

తుక్కాయన గట్టిగా నవ్వాడు. "మా ఇంట్ల ఒకామె ఉన్నది, సాలు తల్లీ," అని నడుచుకుంటూ పోయాడు. భిక్షం అన్న వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. తర్వాత బైకు స్టాండు వేసి, చొక్కా చేతులు మడిచి, ఆమె చేతిలోంచి బకెట్ అందుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక నీళ్ళు తేటగా రావడం మొదలైంది. నేను తిరుమల్ దుకాణానికి పోయి పచ్చ డబ్బా, బ్యాటరీ నీళ్ళు అడిగాను. "మల్ల గా నకిలీదేనా అక్కా?" అన్నాడు. "గా నకిలీదే ఇయ్యి, నవ్వకు," అన్నాను. బ్యాటరీ నీళ్ళతో చివరిసారి కడిగి, పచ్చ మందు కలిపి నింపేసరికి ఎండ జామచెట్టు మీదికి పోయింది.

మా అత్త పక్కనే నిలబడి ఉంది. చేతులు కాగు మసితో నల్లగా ఉన్నాయి. "మరి సాక?" అంది.

"మైసమ్మ గుడి ఏడున్నదత్తా? చెరువులనా, కట్ట మీదనా?"

"కట్ట మీద."

"బండికి ముందటి బంపరే కట్ట. గాడ పొయ్యి. లోపలికి చుక్క పోవద్దు."

ఆమె వంగి బంపర్ మీది దుమ్ము చెంగుతో తుడిచింది. "బొట్లు పెట్టొచ్చునా?"

"పెట్టు. ఇంకొక పనున్నది నీకు. రోజు పొద్దున ఇంజన్ సల్లగున్నప్పుడు మూత నువ్వే తీసి చూడు. పచ్చగ అంచుదాక కనవడాలె. కనవడకుంటె నన్ను పిలువు. నువ్వేం పొయ్యకు."

శనివారం పొద్దున నేను చాయ్ తాగుతుంటే వాకిట్లోంచి గట్టిగా కేక వినబడింది. "నిండుగున్నది!" ఆ రోజు మంగళ్‌పల్లి దాటాం, తుర్కయాంజాల్ దాటాం. లారీల వెనక నిలబడ్డాం. ముల్లు సగం దగ్గరే ఉంది. ఎల్లేష్ ముల్లు ఎక్కడుందని అడగలేదు, నేనే రెండు సార్లు చెప్పాను.

ఆ వారం ఒక్కటి కూడా తప్పలేదు. డాక్టర్ వచ్చిన రోజు సుసన్న ఎల్లేష్‌ను మామూలు కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు కొరుకుతూ, పాదాన్ని వెనక్కు లాగాడు. మడమ కుర్చీ కాలికి తగిలింది. డాక్టర్ ఒకసారి మోకాలు నొక్కి చూసి, కత్తి అవసరం లేదని చెప్పి పక్క పేషెంట్ దగ్గరికి పోయాడు. సుసన్న నా భుజం మీద కొట్టింది. నేను బయటికి వచ్చి కారు బానెట్ మీద చేయి వేసి నిలబడ్డాను. అది ఎండకు కాలుతోంది, అయినా తీయలేదు.

మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజు, వాన పడింది. మిరుగానికి అందరి ఇళ్ళలో చేపల కూర ఉండాలి, కట్ట మీద పొద్దున్నుంచే జనం. చేపలు తేవడానికి తానే పోతానని ఎల్లేష్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. చలికాలం తర్వాత అదే మొదటిసారి. ఎడమ కాలు చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. క్లచ్ మీద పాదం ఆనించి నొక్కాడు. మొహం ముడుచుకుంది, మెడ నరాలు లేచాయి, క్లచ్ కిందిదాకా పోయింది. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ పోయింది. అప్పుడు నా వైపు చూసి నవ్వాడు.

నేను నవ్వలేదు. నాకు ఒళ్ళంతా గాభరా. కారు పక్కన వట్టి కాళ్ళతో నిలబడి అరుస్తున్నాను. "వెనక గోడున్నది! చూసుకొని తియ్యి! కాలు నొస్తె ఆపు! గంత జోర్ ఎందుకు? ఇంటున్నవా?"

మా అత్త మూత తీసి చూసి, "నిండుగున్నది" అని, మూత బిగించి తాడు కట్టింది. పసుపు బొట్ల బంపర్ ముందు సాక చెంబుతో నిలబడింది. ఏమనుకుందో, బంపర్ వదిలేసి నా దగ్గరికి వచ్చింది. వంగి, చెంబు వంచి, నా రెండు పాదాల మీద మెల్లగా పోసింది. బోనం ఎత్తినవాళ్ళ కాళ్ళకు పోసినట్టే పోసింది.

"అత్తా! బండికి పొయ్యక నాకెందుకు పోస్తున్నవ్?"

"బండికేమైందే, సల్లగనే ఉన్నది," అంది నడుము పట్టుకుని లేస్తూ. "ఉగాది సంది ఉడుకుతున్నది నువ్వే."

నాకు ఏడుపు వచ్చింది. వేళ్ళ సందుల్లో ఒక వేపాకు ఇరుక్కుంది, బెల్లం నీళ్ళు చల్లగా జిగటగా తగులుతున్నాయి. ఎల్లేష్ మెల్లగా క్లచ్ వదిలాడు. కారు వెనక్కి కదిలింది, గోడకు జానెడు దూరంలోంచి తిరిగి, గల్లీలోకి పోయింది. నేను ఒక్క మాట కూడా అనలేదు.